కొసపల్లె వంతు

జూన్ 3

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేము క్షేమం అని అలవాటు కొద్దీ రాసి, మేము కొట్టేసి నేను అని దిద్దాను. కాగితం మార్చలేదు, ఏమనుకోవద్దు. మీరు, చెల్లెమ్మ, పిల్లలు కులాసా అని తలుస్తాను.

ముప్ఫై ఆరేళ్లకు మీకు ఉత్తరం రాస్తున్నాను. జనవరిలో మీ చెల్లెలిని సాగనంపిన రోజు మీరు మా గేటు దాకా వచ్చారట. ఎదురింటి టైలరు తర్వాత చెప్పాడు. ఎండలో నిలబడ్డారండీ, కుర్చీ వేస్తానంటే కూర్చునేంత చుట్టరికం లేదులే బాబూ అని వెళ్లిపోయారు, అన్నాడు. ఆ మాట వినగానే వచ్చింది మీరేనని తెలిసింది.

నేను బాగానే ఉన్నాను. వంట వచ్చింది. ఉప్పు మాత్రం ఇంకా ఇద్దరికి సరిపడా పడుతోంది.

ఒక పని మీద రాస్తున్నాను. మన ఊళ్లో మొదటి సంతకు అనుమతి ఇచ్చిన కాగితం ఒకటి పురపాలక ఆఫీసు బీరువాలో దొరికింది. దాని ప్రకారం వచ్చే నెలకు ఊరికి నూట యాభై ఏళ్లు. ఊరి చరిత్ర, దాని ఏడు శివారు పల్లెల చరిత్ర కలిపి ఒక పుస్తకం వేయాలని కమిటీ పెట్టారు. రాసే పని మీ చెల్లెలికి అప్పగించారు. ఆడపిల్లల బడిలో ముప్ఫై ఏళ్లు చరిత్ర చెప్పిన మనిషి కదా. నాలుగేళ్లు ఆ పని మీదే ఉంది.

ఆమె పద్ధతి మీకు చెప్పిందో లేదో. పల్లెకు వెళ్లేటప్పుడు చేతి సంచీలో చిన్న పీట పెట్టుకునేది. ముసలివాళ్లు కూర్చున్న చోటికంటే కాస్త కిందుగా కూర్చుంటే మాటలు వాటంతట అవే జారి వస్తాయనేది. ఎవరినైనా మొదట అడిగే ప్రశ్న ఒకటే: మీ ఇంటికి మొదటి తలుపు పెట్టిందెవరు? తలుపు గురించి మొదలుపెట్టిన వాళ్లు వడ్రంగి గురించి, కలప గురించి, దొంగల గురించి, కరువు గురించి, చివరికి తగాదాల గురించి చెప్పేవాళ్లట. తేదీలు అడిగితే మనుషులు భయపడతారు, తలుపులు అడిగితే భయపడరు అనేది.

మొదటి అధ్యాయం ఊరిది. ఊరు పుట్టింది ఇరుసులు విరిగిన చోట అన్నది మొదటి వాక్యం. వాగు దాటే చోట రాళ్లకు బండ్ల ఇరుసులు విరిగేవి. అది చూసి ఒక వడ్రంగి ఒడ్డున గుడిసె వేశాడు. ఆయన పక్కన కమ్మరి చేరాడు. బండి బాగయ్యే దాకా ఆగినవాళ్లకు తిండి పెట్టడానికి ఒకామె పొయ్యి వెలిగించింది. అంతే ఊరు. కమిటీ అధ్యక్షుడు, అంటే ధాన్యం మిల్లు ఆయన, మా ముత్తాత స్థలం ఇవ్వబట్టే ఊరు వెలిసిందని రాయొచ్చుగా టీచరుగారూ అన్నాడట. తప్పకుండా రాస్తానండీ, ఆయన ఇక్కడ ఆగింది కూడా ఇరుసు విరిగే అని పక్కనే రాస్తాను అందట ఈమె.

తర్వాతవి పల్లెలవి. ఆరు పూర్తి చేసింది. మూడో పల్లెలో ఒకే బావికి రెండు గిలకలు ఎందుకున్నాయో రాసింది. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసినా నీళ్లు తోడుకోవడం మానలేరు కదా. ఐదో పల్లె రెండుసార్లు కాలిపోయి, రెండుసార్లూ అవే ఇళ్లు అదే వరుసలో ఎందుకు లేచాయో రాసింది. మంచి పుస్తకం. నేను ఇప్పుడే చదువుతున్నాను. ఆమె అక్షరాలు మరీ చిన్నవి, నా కళ్లజోడుకు ఆనడం లేదు. ఆమెది పెట్టుకుంటే ఆనుతున్నాయి.

మిగిలింది ఏడోది. మీ పల్లె. కాలువ కొసన ఉంది కాబట్టి అందరూ కొసపల్లె అనేవారు. జబ్బు ముదరడంతో ఆ అధ్యాయం రాయలేకపోయింది. ఒక కాగితం మీద పేరు, కింద నలభై ఒక్క ఇళ్ల జాబితా మాత్రం ఉన్నాయి. ఆ కింద ఖాళీ.

ఆ ఖాళీని అధ్యక్షుడు పూరిస్తానంటున్నాడు. తనే అర పేజీ రాసి పంపాడు. నేల చవుడు తేలినందున, కష్టపడి బాగు చేసుకునే ఓపిక లేక ఆ పల్లె జనం స్వచ్ఛందంగా తరలిపోయారు అని ఉంది అందులో. అది అచ్చయితే ఇక అదే చరిత్ర. ఊళ్లో పిల్లలు రేపు అదే చదువుతారు.

పుస్తకం జులై పదకొండున అచ్చుకు వెళ్తుంది. ఆ పల్లెలో పుట్టి, అక్కడ పార పట్టి, చదువుకుని బయటికి వచ్చినవాళ్లలో నాకు తెలిసి మిగిలింది మీరొక్కరే. ఏం జరిగిందో మీకు తెలిసినట్టు రాసి పంపండి. నా మొహం చూసి కాదు, ఆమె మొదలుపెట్టిన పని అని.

ఇట్లు,
మీ చెల్లెలి భర్త


జూన్ 21

బావకు,

నీ కార్డు అందింది. నువ్వు చెప్పినట్టే మీరు, గారు తీసేశాను. కోర్టు నోటీసులా ఉందన్నావు, ఒప్పుకుంటున్నాను. చెల్లెమ్మ మోకాలు తగ్గుముఖం పట్టిందని తెలిసి సంతోషం.

ఓపిక లేక పోయారని రాసిన మిల్లు వాడు ఏనాడైనా పార పట్టాడేమో కనుక్కుని రాయమన్నావు. కనుక్కోనక్కరలేదు, పట్టలేదు. మా నాన్న సంగతి నేను రాస్తానంటేనే నువ్వు నోరు విప్పుతానని మూడో వాక్యం రాశావు. ఆ సంగతే రాస్తున్నాను.

ముప్ఫై ఆరేళ్ల కిందటి ఆ రోజు మనిద్దరికీ గుర్తుండే ఉంటుంది. ఆనకట్ట తూము దగ్గర ముప్ఫై మంది ఉన్నారు. కంచే చేను మేస్తే ఇక చెప్పుకునేదెవరికి అని మొదలుపెట్టావు. మా వంతు పన్నెండు గంటలు, మా పొలాల్లోకి వస్తున్నవి ఎనిమిది, మిగతా నాలుగు గంటల నీళ్లూ, ఇన్నాళ్లూ నీళ్ల వంతులు చూసిన నీ తండ్రి ఎవరికి అమ్ముకున్నాడో చెప్పు అని అడిగావు. రుజువు చూపించు, లేదా మా నాన్న కాళ్లు పట్టుకో అన్నాను నేను. నువ్వు రెండూ చేయలేదు. మీ చెల్లెలు నాకు అన్నం క్యారేజీ తెచ్చి అప్పుడే వచ్చింది. మన ఇద్దరి మధ్యా నిలబడింది. క్యారేజీ అక్కడ గట్టు మీద పెట్టి ఇంటికి వెళ్లిపోయింది. తర్వాత ఏటా ఒకసారి ఒక్కతే బస్సెక్కి నీ దగ్గరికి వచ్చేది. తిరిగి వచ్చాక రెండు రోజులు మా ఇంట్లో మాటలు తక్కువగా ఉండేవి. ఏం మాట్లాడుకున్నారని నేనెప్పుడూ అడగలేదు.

మొన్న బుధవారం కొసపల్లెకు వెళ్లాను. చాపల అవ్వను తోడు తీసుకెళ్లాను. మీ పల్లెలో చివరిగా తాళం వేసిన ఇల్లు ఆమెదే కదా. ఇప్పుడు బస్సు డిపో వెనక మనవడి దగ్గర ఉంటోంది. ఎడమ చెవి వినపడదు, కుడి చెవి ఇష్టమైతే వినపడుతుంది. ఆటో అతను అక్కడ ఏముందని సార్, కుక్క కూడా లేదు అన్నాడు. కుక్కలుండేవిరా, మీ ఊరి వాళ్లకంటే మర్యాదగా ఉండేవి అంది అవ్వ.

ఇళ్లు లేవు. గోడలు మోకాలెత్తున ఉన్నాయి. నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది, అడుగు వేస్తే పెంకులా పగులుతోంది. అవ్వ తన ఇంటి గడప రాయి తనే వెతుక్కుంది. దాని మీద కూర్చుని, ఎవరి ఇల్లు ఎక్కడో చేత్తో చూపిస్తూ పోయింది. నీ ఇంటి దగ్గర ఆగి, వీళ్ల నాన్నకు తుమ్మితే కోపం, తుమ్మకపోతే అనుమానం అంది. నలభై ఒకటీ చెప్పింది. మీ చెల్లెలి జాబితాతో సరిపోయింది.

మా నాన్న గురించి ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

మీ నాయన నీళ్ల వెనకాల నడిచి వచ్చేవాడయ్యా. గిన్నె చంకలో పెట్టుకుని, కాలువ గట్టున, నీళ్లెంత మెల్లగా వస్తే అంత మెల్లగా. మా మదుగు కాడ, కాలువ నీళ్లు మా పొలాల్లోకి తిరిగే చోట, రాయి ఉండేది కదా, అది తడిస్తే గాని గిన్నె వేసేవాడు కాదు. మావాళ్లు తొందరపడి వెయ్యి మామా అంటే, రాయి తాగాక మీరు తాగాలి అనేవాడు. గడియారం వచ్చింది, తూము కాడ బోర్డు వచ్చింది, ఆయన రావడం మానేశాడు. ఆయన వెనకే నీళ్లూ మానేశాయి.

నీకు గిన్నె గుర్తుందో లేదో. రాగిది, అడుగున సన్నటి చిల్లు. నీళ్ల తొట్టిలో వదిలితే మెల్లగా నిండి మునిగేది. ఒక మునక ఒక లెక్క. కొసపల్లెకు ముప్ఫై మునకలు. ఏ పల్లె వంతు వస్తే ఆ పల్లె మదుగు దగ్గర తొట్టి పక్కన నాన్న కూర్చునేవాడు. అందుకే అందరూ వంతులాయన అనేవారు.

వంతులు కొస నుంచి పైకి వచ్చేవి. వారానికో రోజు నీళ్లన్నీ ఊరి మంచినీళ్ల చెరువుకు మళ్లిస్తారు. ఆ రోజు కాలువ ఎండిపోతుంది. మర్నాడు పొద్దున మొదటి వంతు కొసపల్లెది. అంటే పది కిలోమీటర్ల ఎండు కాలువను తడిపే పని మీ నీళ్లది. మీ వంతు అయిపోగానే ఆరో పల్లె మదుగు దగ్గర అడ్డు పలక దించుతారు. కాలువలో ఇంకా ఉన్న నీళ్లు వాళ్లకు పోతాయి. వాళ్ల తర్వాత పైవాళ్లకు. కాలువ అప్పటికే తడిసి ఉంటుంది కాబట్టి వాళ్లెవరికీ నష్టం లేదు. నష్టం ఒక్క కొసపల్లెకే. అది లేకుండా ఉండటానికే గిన్నె రాయి దగ్గర వేసేది, తూము దగ్గర కాదు. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు. నాన్న కాళ్లలో ఉంది.

గడియారం ప్రకారం పట్టిక తయారు చేసినప్పుడు ముప్ఫై మునకలకు పన్నెండు గంటలు అని కట్టారు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు. లెక్క తూము ఎత్తిన దగ్గర నుంచి మొదలైంది. నీళ్ల నడక సంగతి అందులో వదిలిపోయింది. తూము దగ్గర ఎవరు ఎన్నిసార్లు చూసినా పన్నెండుకు పన్నెండు గంటలూ నీళ్లు వదులుతూనే ఉన్నారు. కొసన ఎవరు ఎన్నిసార్లు చూసినా ఎనిమిదే. అందుకే దొంగతనం అనుకున్నారు. ఆరో పల్లె వాళ్లతో కొట్లాటలో మీ వాడొకడి చెయ్యి విరిగింది కూడా అందుకే. ఉప్పును కిందికి కడిగేంత నీరు అందక ఏటేటా కొసన చవుడు పైకి తేలింది. పదేళ్లలో నలభై ఒక్క ఇళ్లు పద్నాలుగయ్యాయి. ఇంకో రెండేళ్లకు ఒక్కటీ లేదు.

కాబట్టి నువ్వు లెక్కపెట్టింది నిజం. నాన్న అమ్ముకోలేదన్నదీ నిజం. ఈ రెండూ పుస్తకంలో ఉంటాయి.

వచ్చేటప్పుడు ఆటోలో అవ్వ, నీ ఇంటామె పీట వేసుకుని కూర్చుంటే ఆమెకూ ఇదంతా చెప్పానయ్యా, నీతో అనలేదా అంది. అంది అన్నాను. మంచి మనిషి, వింటూ ఉంటే చెప్పబుద్ధయ్యేది, నువ్వు వింటుంటే మాత్రం పోలీసు స్టేషన్లో ఉన్నట్టుంది అంది.

నీకు తెలిసినవి ఇంకేమైనా ఉంటే రాయి. పొరపాటుంటే దిద్దు.

నీ బావ


జులై 9

బావకు,

నాలుగు పేజీల ఉత్తరం చేరింది. మీ నాన్నగారు మదుగు రాయి మీద కూర్చుని నీకు ఎక్కాలు చెప్పిన సంగతి, ఇల్లు ఖాళీ చేసిన రోజు తలుపు ఊడదీసి బండి మీద వేసుకెళ్లిన సంగతి చదివాను. అధ్యాయంలో చేర్చాను. ఆ తలుపు ఇంకా మీ ఇంట్లో వంటగదికి ఉందని నాకు తెలియదు. మీ చెల్లెలు ఎప్పుడూ చెప్పలేదు.

రెండు ప్రశ్నలు అడిగావు. మొదటిది, పట్టికలో వదిలిపోయింది అంటావేమిటి, దానికి కాళ్లొచ్చి వెళ్లిపోయిందా, వదిలిందెవరు అని. బోర్డు మీద అక్షరాలు ఎవరివో నాకు తెలియదనుకున్నావా, ఒకే బెంచీ మీద కూర్చున్నాం అన్నావు. నీ నోటితో చెప్పు అన్నావు.

నేనే. పట్టిక కట్టింది నేను.

ఇరవై రెండేళ్లు అప్పుడు నాకు. డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసి ఇంటికి వచ్చాను. నాన్న మోకాళ్లు వాచి ఉన్నాయి. పొద్దున నీళ్ల వెనక కొస దాకా నడవడం, అక్కడి నుంచి ఒక్కో మదుగే పైకి రావడం, వారం తిరిగేసరికి మళ్లీ మొదలు. ఆయన కాళ్లకు సెలవు ఇవ్వాలనుకున్నాను. నా చేతికి గడియారం ఉంది. పెరట్లో తొట్టి నింపి గిన్నెను పదిసార్లు ముంచాను. ప్రతిసారీ ఇరవై నాలుగు నిమిషాలు. ఆ రోజు నేను పడ్డ సంబరం నాకు ఇప్పటికీ గుర్తుంది. నాన్న ఒంటి చేత్తో ఇన్నేళ్లు మోసిన దాన్ని ఒక్క కాగితం మీదికి దించాననుకున్నాను. కాలువ సంఘం వాళ్లు భుజం తట్టారు. రేకు మీద పెద్ద అక్షరాలతో రాయించి తూము గది గోడకు బిగించారు. అందరికీ కనపడుతుంది, ఎవరి దయా అక్కర్లేదు అన్నారు. అది నిజంగా మంచి పనే అనుకున్నాం అందరం. నువ్వూ మెచ్చుకున్నావు.

నాన్నకు చదువు రాదు. మూడుసార్లు చదివించుకుని విన్నాడు. విని, మరి నీళ్లు నడిచేదిరా అన్నాడు. అన్నీ అందులోనే ఉన్నాయి నాన్నా అన్నాను. ఆయన అడిగింది నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని కూడా అర్థం కాలేదు. చదువుకున్న కొడుకు చెప్పాడు కదా అని ఆయన మళ్లీ అడగలేదు. తెలియక చేసిన తప్పు. నాన్న చేయలేదు, నువ్వు అబద్ధం ఆడలేదు, మీ పల్లె వాళ్లు బద్ధకస్తులు కారు. పట్టిక కట్టినవాడు నీళ్లతో నడవలేదు. ఇలాగే రాశాను. నేనెవరో, ఎవరి కొడుకునో కూడా రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. నకలు ఇందులో పెడుతున్నాను. నా వాక్యాలు పొట్టివి. ఆమె రాసిన ఆరు అధ్యాయాల తర్వాత ఇది చదివితే మెట్టు తప్పినట్టుంటుంది. ఏం చేయను.

నిన్న అధ్యక్షుడు ఇంటికి వచ్చాడు. శుభమా అని ఊరికి పండగ చేసుకుంటుంటే ఈ గొడవ అవసరమా సెక్రటరీ గారూ అన్నాడు. నేను కాలువ సంఘం వదిలి ఎనిమిదేళ్లయింది, ఆయన ఇంకా సెక్రటరీ అనే అంటాడు. పోయిన పల్లె పోయింది, మిమ్మల్ని మీరు బజారుకు ఈడ్చుకోవడం దేనికి, మీరు పెద్దమనుషులు, రేపు వేదిక మీద మీకు శాలువా కప్పాలనుకుంటున్నాం అన్నాడు. శాలువా అధ్యాయం చదివాక కప్పండి అన్నాను. అర పేజీ కాగితం ఆయనది ఆయనకు ఇచ్చేశాను. మీ ఆవిడ ఉంటే మీకు నచ్చజెప్పేది అన్నాడు. ఆమెను ఆయన నాలుగేళ్లు చూశాడు. ఏం చూశాడో తెలియదు.

ప్రెస్సు ఆయన మాత్రం ఏమీ అడగలేదు. మేడమ్ ప్రూఫులు దిద్దుతుంటే మా కుర్రాళ్లకు చెమటలు పట్టేవి సార్, మీరు దిద్దుతుంటే నిద్రపోతున్నారు, కాస్త తిట్టండి అన్నాడు. తిట్టడం రాలేదు. రెండు అచ్చు తప్పులు పట్టుకున్నాను. ఆమె అయితే పది పట్టేది.

నీ రెండో ప్రశ్న. అవ్వ చెబితే చెల్లికి తెలిసింది కదా, తెలిశాక రాయకుండా ఎందుకు వదిలింది, అది పని సగంలో వదిలే మనిషి కాదే అన్నావు. ముందే రాశాను. ఒంట్లో ఓపిక లేకపోయింది.

పుస్తకం ఇరవై ఐదో తేదీన ఊళ్లో వాళ్లకు ఇస్తారు. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి బడి ఆవరణలో ఏడు పల్లెల తరఫున ఏడుగురు తలా ఒక పేజీ చదవాలని నేనే పెట్టించాను. కొసపల్లె తరఫున చదవడానికి అవ్వ కళ్లు ఆనవంది. నువ్వు రా. మా ఇంట్లో దిగు. దిగడం ఇష్టం లేకపోతే బడి దగ్గరికే రా. కుర్చీ వేయిస్తాను.

చెల్లెమ్మకు నా నమస్కారాలు. పిల్లలకు ఆశీస్సులు.

నీ బావ

తా.క.

కవరు అంటించి మళ్లీ చింపాను.

తెలియక చేసిన తప్పు అని రాశాను. మొదటి పదేళ్లు అది తెలియక చేసిందే. తర్వాతది కాదు.

నువ్వు తూము దగ్గర అరిచి వెళ్లాక, దాని తర్వాతి వంతుకు నేను నీళ్లతో పాటు నడిచాను. ఎవరికీ చెప్పలేదు. ఆరింటికి తూము ఎత్తారు. మీ రాయి తడిసేసరికి పదికి పది నిమిషాలు తక్కువ. అక్కడ నిలబడగానే నాన్న ఏమడిగాడో అర్థమైంది. మీ పల్లెలో ఇంకా పద్నాలుగు పొయ్యిలు వెలుగుతున్నాయి. బోర్డు మీద ఒక్క గీత దిద్దితే చాలు. రంగు డబ్బా తూము గదిలోనే ఉంది. దిద్దితే ఎవరు తప్పు రాశారో ఊరంతా అడుగుతుంది. ఆ ఏడే నన్ను సంఘానికి సెక్రటరీని చేశారు. దిద్దలేదు.

నాన్న అప్పటికి మంచం పట్టాడు. ఆయన దొంగ కాదని ఆ గీత చెప్పి ఉండేది. చెప్పనివ్వలేదు. ఇంకా రెండేళ్లు బతికాడు, నలుగురి నోళ్లలో ఆ మాటతోనే పోయాడు. మా నాన్నను అన్నవాడితో మాట్లాడనని నీ గడప తొక్కడం మానేశాను. కొడుకంటే అలా ఉండాలి అన్నారు ఊళ్లో. విని ఊరుకున్నాను.

చాపల అవ్వ చెప్పింది విని మీ చెల్లెలు ఇంటికి వచ్చింది కిందటి ఏప్రిల్‌లో. పాత పట్టిక నా ముందు పెట్టి, తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది. మీకెప్పుడు తెలిసింది అని అడిగింది. ఇప్పుడు నువ్వు చెబితేనే అన్నాను. కాసేపు నన్ను చూసి, సరే అంది.

జబ్బు బయటపడింది డిసెంబరులో. మధ్యలో ఎనిమిది నెలలు ఆమె నిక్షేపంగా ఉంది. మిగతా ఆరు అధ్యాయాలూ రెండేసిసార్లు తిరగరాసింది. ఏడోది ముట్టుకోలేదు. ఒకటి రెండుసార్లు భోజనాల దగ్గర, కొసపల్లె సంగతి ఏం రాయమంటారు అని అడిగింది. నీకు తెలిసిందే రాయి అన్నాను. నాకు తెలిసింది సగమేనండీ అంది. ఆసుపత్రిలో కూడా నాకు సమయం ఉంది. చెప్పలేదు.

ఈ మాటలే అధ్యాయానికి ఐదో పేజీగా చేర్చి ఈ మధ్యాహ్నమే ప్రెస్సులో ఇచ్చి వచ్చాను. ఆయన నిలబడే చదివాడు. ఇది కూడా ఉండాలా సార్ అన్నాడు. ఉండాలి అన్నాను.

పైన రమ్మని రాశాను. ఇది చదివాక రావాలో వద్దో నీ ఇష్టం. వస్తే నువ్వు చదవాల్సింది ఈ పేజీ.